ఐదు వేళ్ళ గుంటలు

తాపీ మేస్త్రీలకు ఒక జబ్బుంటుంది. దారిన పోతూ తాము కట్టిన గోడ కనబడితే చాలు, చుట్టం ఎదురుపడ్డట్టు ఆగిపోతారు. పక్కనున్న మనిషికి వినే ఓపికుందో లేదో చూడరు, "ఇది నేను కట్టిందే" అనేస్తారు. ఆ మనిషి "అలాగా" అనేదాకా అక్కణ్ణించి కదలరు. ఈ మేస్త్రీకి ఆ జబ్బు బాగా ముదిరింది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇతను ఒక్క పెళ్ళి చేసుకుని లెక్కలేనన్ని ఇళ్ళు కట్టాడు. అన్నీ పరాయివాళ్ళవే. తనకంటూ చివర్లో ఒకటి కట్టుకున్నాడు. రెండు గదులు, ఒక వంటిల్లు, మిద్దె మీదికి మెట్లు.

ఆ జబ్బు కూతురికి కూడా అంటుకుంది. సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని ఊరంతా తిరుగుతూ, కనబడ్డ గోడకల్లా వేలు చూపించేది.

"నాన్నా, ఇది నువ్వు కట్టిందా?"

"ఆఁ, నేనే."

అప్పుడు ఆ గోడకి చెయ్యి ఊపేది. కాదంటే మాత్రం పెదవి విరిచేది. "అదీ సంగతి. అందుకే వంకరగా ఉంది," అనేది. పనిలో ఉన్న కూలీలంతా ఆ పిల్లని చిన్నమేస్త్రీ అని పిలిచేవాళ్ళు. తల్లి మాత్రం ఇద్దరినీ కలిపి పెద్దపిచ్చి, చిన్నపిచ్చి అనేది.

ఆ ఇద్దరికీ ఒక రహస్యం ఉండేది. ఎక్కడ పని ముగిసినా సరే, పూత ఇంకా పచ్చిగా ఉండగానే, ఎవరి కంటా పడని మూల చూసి, నేలకి జానెడు ఎత్తున, పిల్ల కుడిచేతి ఐదు వేళ్ళ కొనలూ సిమెంటులోకి నొక్కించేవాడు. ఐదు చిన్న గుంటలు పడేవి. మేస్త్రీ సంతకం అదే. ఇంటివాళ్ళు చూస్తే చీవాట్లు తప్పవు కాబట్టి అందులో కాస్త దొంగతనం రుచి కూడా ఉండేది. ఒక్కచోట మాత్రం ఈ పప్పులు ఉడకలేదు. సొంతింటి వంటగదికి పూత పూస్తున్నప్పుడు తల్లి గరిటె పట్టుకుని అడ్డం నిలబడింది. "మీ కోతిచేష్టలు నా వంటింట్లో కాదు. పోయి ఆ మెట్ల కింద చేసుకోండి," అంది. పిల్ల మూతి ముడుచుకుని, కాసేపు కాళ్ళు నేలకేసి కొట్టి, చివరికి మెట్ల కిందికే పోయి నొక్కింది. ఆ మెట్ల కింద చోటే తరవాత తన బొమ్మల కొట్టు అయింది.

ఒకనాటి ఉదయం భూమి కదిలింది. మేస్త్రీ అప్పుడు ఊరికి అవతలి చివర ఎవరిదో ప్రహరీ కడుతున్నాడు. ఆ ప్రహరీకి చిన్న పగులు కూడా రాలేదు. అది చూసి కాస్త ఊపిరి పీల్చుకుని సైకిలెక్కాడు. ఇంటికి వచ్చి చూస్తే ఇల్లున్న చోట పక్కవాళ్ళ మూడంతస్తుల మేడ ఉంది. అది ఒక పక్కకి ఒరిగి, తన ఇంటి మీద బోర్లా పడింది. వంటిల్లు ఏదో, గది ఏదో, కట్టినవాడికే ఆనవాలు దొరకలేదు. సాయంత్రానికి పిల్లని మెట్ల కిందనుంచి ప్రాణాలతో తీశారు. ఒక కాలు బయట ఉండిపోయి నలిగింది గానీ మిగతా పిల్లంతా భద్రంగానే ఉంది. భార్యని మర్నాడు వంటింటి వైపునుంచి తీశారు. మెట్లు నిలబడ్డాయన్న సంగతి ఎవరో చెప్పారు కూడా. మేస్త్రీ బుర్రకి అది ఎక్కలేదు. పడిపోయినవే ఎక్కాయి.

దెబ్బలు తగిలినవాళ్ళకి మొదట్లో మైదానంలో గుడారాలు వేసి వైద్యం చేశారు. పిల్ల అమ్మమ్మ అక్కడికే వచ్చింది. ఆవిడది భూమి కదలని వేరే ఊరు. రైళ్ళు సరిగ్గా నడవక, దారులు మారి మారి వచ్చేసరికి కూతురి ముఖం ఆఖరిసారి చూసే ప్రాప్తం కూడా లేకపోయింది. గుడారంలో అడుగుపెడుతూనే అల్లుణ్ణి చూసి గుండెలు బాదుకుంది.

"ఊరందరికీ ఇళ్ళు కట్టావు. నా కూతురికి మాత్రం సమాధి కట్టావు కదయ్యా!"

కడుపుకోత అలాంటిది, నోటికి అదుపుండదు. ఆవిణ్ణి తప్పు పట్టలేం. కానీ ఆ మాట అన్నప్పుడు మంచం మీద పిల్ల మెలకువగానే ఉంది, కళ్ళు తెరుచుకుని వింటూనే ఉంది. మేస్త్రీ అది చూశాడు.

మర్నాడే ఇంజనీర్లు వచ్చి పెద్దాసుపత్రి భవనాన్ని పరీక్షించి, ఫరవాలేదన్నారు. గుడారాల్లోని పిల్లల్ని ఒక్కొక్కరినే లోపలికి మార్చడం మొదలుపెట్టారు. చిన్నమేస్త్రీని స్ట్రెచర్ మీద గుమ్మందాకా తెచ్చేసరికి ఆ పిల్ల తండ్రి చొక్కా పట్టుకుంది.

"నాన్నా, ఇది నువ్వు కట్టిందా?"

మేస్త్రీ తలెత్తి గోడల వైపు చూశాడు. ఆ భవనంలో కొత్త విభాగం అంతా అతని చేతిమీదుగా లేచిందే. ఇటుకలూ అతనివే, పూతా అతనిదే. పిల్లకి అప్పుడు మూడేళ్ళు కూడా సరిగ్గా లేవు, గుర్తుండే వయసు కాదు. నిన్నటి అమ్మమ్మ మాట అతని చెవుల్లో ఇంకా గింగురుమంటోంది. నేను కట్టిందంటే ఈ పిల్ల లోపలికి రాదు, భయంతో చచ్చిపోతుంది అనుకున్నాడు.

"కాదమ్మా. ఎవరో పెద్ద కంపెనీవాళ్ళు కట్టింది. నేనిందులో ఒక్క ఇటుక కూడా పెట్టలేదు."

పిల్ల చొక్కా వదిలేసింది. స్ట్రెచర్ కడ్డీని గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. కిక్కురుమనకుండా లోపలికి వచ్చింది. హమ్మయ్య, భయం తీరిందనుకున్నాడు తండ్రి.

అది మొదలు. ఏ గది గుమ్మం దాటాలన్నా అదే ప్రశ్న. ఎక్స్‌రే గది దగ్గర అడిగింది. ఆపరేషన్ గది దగ్గర అడిగింది. కట్లు మార్చే గది దగ్గర అడిగింది. "కాదమ్మా" అంటే "ఊఁ" అనేది, కళ్ళు మూసుకునేది, పళ్ళ బిగువున లోపలికి పోయేది. ఒకప్పుడు తన పేరు చెప్పి గోడలకి చెయ్యి ఊపిన పిల్ల, ఇప్పుడు తన చెయ్యి పడని గోడల మధ్యకే వెళ్తానంటోంది అని మేస్త్రీకి అర్థమైంది. అతనికి అర్థమైంది అదే. వరండా చివర మెట్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేకపోయాడు.

చేతిపని మీద గర్వం పోయిన మనిషికి ఇంకేం మిగులుతుంది? కాగడా పెట్టి వెతికినా మేస్త్రీ దొరకని రోజులవి. ఊరంతా మళ్ళీ కట్టుకుంటోంది. తెలిసిన కాంట్రాక్టర్లు ఆసుపత్రి గేటుదాకా వచ్చి పిలిచారు. ఇతను తల అడ్డంగా ఊపాడు. పక్క మంచాల వాళ్ళు "ఏం పని చేస్తుంటావు?" అని అడిగితే "ఏదో చిన్న పని" అనేవాడు. తాపీని పాత తువ్వాల్లో చుట్టి సంచీ అడుగున పెట్టేశాడు. పిల్లకి ఒళ్ళు తుడవడం, తల దువ్వడం, బెడ్‌పాన్ మొయ్యడం, పాలల్లో బ్రెడ్డు ముంచి తినిపించడం, ఇదే అతని పని. జడ వెయ్యడం మాత్రం రాలేదు. రెండు పాయలకి మూడో పాయ ఎక్కణ్ణించి వస్తుందో అతనికి ఎప్పటికీ అంతుపట్టలేదు. జుట్టు ఒక రబ్బరు బ్యాండులో కుక్కి వదిలేసేవాడు.

పిల్ల కాలికి డాక్టర్లు చుట్టూ ఇనుప రింగులు బిగించి, చర్మంలోంచి ఎముకలోకి కడ్డీలు దింపారు. రోజూ ఆ కడ్డీల మొదళ్ళు శుభ్రం చెయ్యాలి. పెద్దవాళ్ళు కూడా కెవ్వుమనే నొప్పి అది. పిల్ల ఏడ్చేది కాదు. తండ్రి చెయ్యి అందిస్తే అందుకునేది కాదు, మంచం కడ్డీనే పట్టుకునేది. ఒకరోజు వ్యాయామం చేయించే అమ్మాయితో "అక్కా, నా కాలికి సెంట్రింగ్ కొట్టారు. ఎప్పుడు విప్పుతారు?" అని అడగడం గుమ్మం అవతలనుంచి విన్నాడు. అన్ని వారాల్లో ఆ పిల్ల వేసిన జోకు అదొక్కటే. స్లాబు పోసినప్పుడు కింద కట్టే చెక్కల మాట అది, తన దగ్గర నేర్చుకున్న మాట. నవ్వు వచ్చింది. తను లోపలికి వెళ్ళేసరికి పిల్ల ముఖం మళ్ళీ మూసుకుపోయింది. ఆ జోకు తనకి చెప్పలేదే అన్న బాధ అతన్ని ఎన్నాళ్ళో తినేసింది.

ఇంకొకటి గమనించాడు. పిల్ల మంచం గోడ పక్కనే ఉండేది. ఎవరూ చూడనప్పుడు చెయ్యి కిందికి జార్చి, ఆ గోడని కిందికంటా వేళ్ళతో తడుముతూ ఉండేది. గోడంటే ఎంత భయమో పాపం, ఎప్పుడు మీద పడుతుందోనని చూసుకుంటోంది అనుకున్నాడు. సిస్టరమ్మని బతిమాలి మంచాన్ని గోడకి దూరంగా, గది నడిమధ్యకి లాగించాడు. ఆ సాయంత్రం పిల్ల పాలు కూడా తాగలేదు. అటు తిరిగి పడుకుంది.

అమ్మమ్మ దగ్గర్లోనే ఎవరింట్లోనో తలదాచుకుంటూ రోజూ వచ్చేది. అల్లుడితో సూటిగా ఒక్క మాట మాట్లాడేది కాదు. "మీ నాన్నతో చెప్పు, వేడినీళ్ళు తెమ్మని," అనేది. "మీ అమ్మమ్మతో చెప్పమ్మా, తెచ్చి పెట్టానని," అనేవాడు ఇతను. మంచానికి చెరో పక్కా కూర్చుని పిల్లని మధ్యలో టెలిఫోను చేసేశారు. మొదట్లో పిల్ల అటు మాట ఇటు చెప్పేది. తరవాత్తరవాత చెప్పడం మానేసింది. అయినా వాళ్ళు అలాగే మాట్లాడుకునేవారు. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని కూతురి కోసం ఏడ్చుకునేది, ఇతను కిటికీ బయటికి చూస్తూ లోలోపల అదే మనిషి కోసం ఏడ్చుకునేవాడు. చచ్చిపోయిన మనిషి ఇద్దరికీ ఒక్కతే. అయినా ఏడుపులు కలిసేవి కావు.

చివరికి డాక్టరుగారు పిల్లని ఇంటికి తీసుకెళ్ళొచ్చన్నారు. కాలికి రింగులు ఇంకా కొన్నాళ్ళు ఉండాలి, శుభ్రం చేసుకుంటూ, నెలకోసారి తెచ్చి చూపించాలి అన్నారు. తీసుకెళ్ళడానికి ఇల్లేదీ? మేస్త్రీకి దొరికింది శిబిరంలో ఒక రేకుల షెడ్డు. అమ్మమ్మ ఆ మధ్యాహ్నమే వచ్చి పిల్ల బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

"మీ నాన్నతో చెప్పు, నిన్ను మా ఊరు తీసుకెళ్తున్నానని. ఆడపిల్లవి, అమ్మమ్మ ఇల్లు ఉండగా ఆ రేకుల కింద నీకేం ఖర్మ? నెల నెలా నేనే తెచ్చి చూపిస్తాను."

మేస్త్రీ కాదనలేదు. కాదనడానికి నోరెక్కడిది? గుండె రాయి చేసుకున్నాడు అంటారు కదా, అలాంటిదేం జరగలేదు. గుండె ముక్కలవుతూనే ఉంది. ఈ పిల్ల కూడా వెళ్ళిపోతే ఇంక తనని నాన్నా అని పిలిచే గొంతు ఉండదు. పొద్దున లేచి ఎవరికి తల దువ్వాలో తెలియదు. అయినా ఆవిడ ఇంట్లో పిల్లకి భయం లేకుండా నిద్ర పడుతుంది కదా, తనకి అంతకంటే ఏం కావాలి అనుకున్నాడు. మంచం పక్కన గొంతుక్కూర్చుని, తనకి తెలిసిన ఒకే ఒక్క ఓదార్పు చెప్పాడు.

"అమ్మమ్మ ఇల్లు కూడా నేను కట్టింది కాదమ్మా. నువ్వేం భయపడక్కర్లేదు. అక్కడ నా చేతిపని ఒక్కటి కూడా లేదు."

పిల్ల అతని ముఖంలోకి చూసింది.

"అయితే నువ్వు కట్టినవన్నీ పడిపోయాయా నాన్నా? ఒక్కటి కూడా మిగల్లేదా?"

"అదేంటమ్మా..."

"ఈ ఆసుపత్రి కాదు. ఎక్స్‌రే గది కాదు. కట్లు కట్టే గది కాదు. అమ్మమ్మ ఇల్లు కాదు. మరి నేను దేని కింద ఉండాలి?"

అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళూ కడ్డీలు దింపినా ఏడవని పిల్ల, వార్డంతా తిరిగి చూసేలా వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మమ్మ చేతిలోని బట్టలు కింద పడేసి పరుగెత్తుకొచ్చింది. పిల్ల ఎక్కిళ్ళ మధ్య ముక్కలు ముక్కలుగా చెప్పింది.

"చీకట్లో ఏం కనబళ్ళేదు. అమ్మా అని పిలిచా. పలకలేదు. చేత్తో తడిమితే నా గుంటలు దొరికాయి. మెట్ల కింద మనం పెట్టినవి. వేళ్ళు అందులో పెట్టుకున్నా. ఇది నాన్న కట్టింది, ఇది పడదు అనుకున్నా. వాళ్ళొచ్చి లాగేదాకా తియ్యలేదు. ఇక్కడ కూడా వెతికా. దొరకలేదు. నువ్వేమో మంచం ఇటు లాగేశావు."

మేస్త్రీకి ఇప్పుడు అర్థమైంది. తను భయం అనుకున్నది భయం కాదు. ప్రతి గుమ్మం దగ్గరా ఆ పిల్ల తన పేరు వినాలని అడిగింది. ప్రతి గుమ్మం దగ్గరా కాదు కాదంటూ తనే బిడ్డ చేతిని విదిలించుకున్నాడు. ఎంత మూర్ఖుణ్ణి, ఎంత గుడ్డివాణ్ణి అనుకున్నాడు.

"ఇది నేను కట్టిందే తల్లీ. ఈ విభాగం అంతా నేను కట్టిందే."

పిల్ల తల అడ్డంగా ఊపింది. "అబద్ధం. కాదన్నావు. ఎన్నిసార్లు అడిగినా కాదన్నావు. ఏడుస్తున్నానని ఇప్పుడు అలా చెప్తున్నావు."

ఇంక ఒట్టు పెట్టినా నమ్మదని అతనికి తెలిసిపోయింది. ఒక్క ఆధారమే ఉంది. అది ఉందో లేదో అతనికే తెలియదు. ఈ విభాగం ముగిసిన రోజు కూడా సంతకం పెట్టించాడు, అంతవరకు జ్ఞాపకం. వరండా చివర, నీళ్ళ కుళాయి పక్క మూల. ఆ తరవాత ఎన్నిసార్లు రంగులు వేశారో! ఏ రంగులవాడో పుట్టీ మెత్తి పూడ్చేసి ఉంటే? లేచి గబగబా వరండాలోకి వెళ్ళాడు. ఆ మూలకి అడ్డంగా దుప్పట్లూ పక్కగుడ్డలూ పెట్టే ఇనుప బీరువా నిలబడి ఉంది. భుజం ఆనించి నెట్టాడు. అది కదల్లేదు. మళ్ళీ నెట్టాడు, చెప్పులు జారాయి. మంచాల దగ్గరనుంచి తల్లులంతా బయటికి వచ్చి వింతగా చూస్తున్నారు. పాపం, మనిషికి మతి తప్పిందనుకున్నారు.

పక్కన ఇంకో భుజం ఆనింది. చూస్తే అత్తగారు. కొంగు నడుముకి దోపి, పళ్ళు బిగించి నెట్టింది. బీరువా కీచుమంటూ జానెడు, తరవాత మూరెడు జరిగింది.

మేస్త్రీ నేల మీద బోర్లా పడుకుని ఆ సందులోకి చెయ్యి పెట్టాడు. దుమ్ము, బూజు. నున్నటి గోడ. అరచేయి అటూ ఇటూ జరిపాడు. నున్నగానే ఉంది. కొంచెం కిందికి జరిపాడు. వేలి కొనకి ఏదో తగిలింది. రంగు పొరల కింద సగం పూడిపోయిన చిన్న గుంట. దాని పక్కన ఇంకొకటి. కళ్ళు మసకబారాయి గానీ చూడాల్సిన పని కళ్ళది కాదు. ఐదూ ఉన్నాయి.

పిల్లని తనే ఎత్తుకొచ్చాడు. రింగులున్న కాలిని అమ్మమ్మ రెండు చేతులతో పొదివి పట్టుకుని పక్కనే నడిచింది. ఇద్దరూ అడుగు కలిపి నడవకపోతే పిల్లకి నొప్పి, అందుకని కలిపే నడిచారు. నేల మీద దుప్పటి పరిచి గోడ పక్కగా కూర్చోబెట్టారు. పిల్ల అనుమానంగా చెయ్యి చాచింది. మూడేళ్ళ పిల్ల వేళ్ళు నొక్కిన చోట ఎనిమిదేళ్ళ పిల్ల వేళ్ళు పట్టలేదు, కొసలు మాత్రం కూర్చున్నాయి. కళ్ళు మూసుకుంది. ఈసారి పళ్ళు బిగించలేదు. భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

"నావే," అంది. కాసేపటికి, "నాన్నా, ఇంకోటుంది," అంది.

"ఇంకోటేంటి?"

"ఆరోది. పెద్దది. ఇదెవరిది?"

మేస్త్రీ చెయ్యి పెట్టి చూశాడు. నిజమే. ఐదింటికి కాస్త పైన, పక్కగా, వెడల్పైన గుంట ఒకటి ఉంది. అప్పుడు జ్ఞాపకం వచ్చింది, ఒక్క దెబ్బకి అంతా వచ్చింది. ఆ రోజు భార్య భోజనం క్యారియరు తెచ్చింది. పిల్ల పచ్చి సిమెంటు చూసి భయపడి చెయ్యి పెట్టనంటే, భార్యే వెనకనుంచి దాని మణికట్టు పట్టుకుని నొక్కించింది. ఇంతలో కాంట్రాక్టరు దగ్గు వినబడింది, దొరికిపోయాం అనుకున్నారు. నవ్వాపుకోలేక ముందుకి తూలి, పడిపోకుండా బొటనవేలు గోడకి ఆనించింది. చీర కొంగుకి అంటిన సిమెంటు చూసుకుని ఇంటికి వెళ్ళేదాకా ఇద్దరినీ తిట్టింది.

"మీ అమ్మది," అన్నాడు.

అమ్మమ్మ నెమ్మదిగా మోకాళ్ళ మీద కూలబడింది. వంగి, చెయ్యి సందులోకి పోనిచ్చి, ఆ గుంటలో తన బొటనవేలు పెట్టింది. అలాగే ఉండిపోయింది. కూతురి ముఖం ఆఖరిసారి చూడటానికి నోచుకోని మనిషి. ఏడుపు వచ్చింది గానీ శబ్దం రాలేదు. పక్కనే గోడకి తల ఆనించి మేస్త్రీ కూడా ఏడ్చాడు. అప్పటిదాకా అతను ఏడవగా ఎవరూ చూడలేదు.

"అమ్మమ్మా," అంది పిల్ల, చాలా చిన్న గొంతుతో. "వంటింట్లో మేం పెట్టలేదు. అమ్మ వద్దంది. నేను ఇంకొంచెం మొండి చేసుంటే పెట్టనిచ్చేది. పెట్టుంటే ఆ గోడ కూడా నిలబడేది. అమ్మ..."

మాట పూర్తి కాలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల ఆ బరువు ఇన్నాళ్ళు ఒక్కతే మోసింది. కాలికి దింపిన కడ్డీలు దాని ముందు ఏపాటివి? మేస్త్రీ తల వంచుకున్నాడు. అదే పాపం అతనూ తన నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాడు.

అమ్మమ్మ గుంటలోంచి వేలు తియ్యలేదు. అలా వంగే పిల్ల వైపు తల తిప్పింది.

"మెట్ల కింద పెట్టుకోమని ఎవరన్నారే?"

"అమ్మే."

"మరి? మీ అమ్మ అంది కాబట్టే నీకు ఆ గుంటలు చేతికి దొరికాయి. పక్కవాళ్ళ మేడ మీద పడితే ఏ గోడ ఆగుతుంది? నీ తప్పు కాదమ్మా." ఆవిడ అల్లుడి వైపు చూడలేదు, గోడనే చూస్తూ అంది. "మీ నాన్న తప్పు కూడా కాదు. నేనే నోరు జారాను."

పిల్ల ఇద్దరి మధ్యా ఒరిగింది. చెయ్యి గోడ మీదే ఉంది. చాలాసేపటికి అమ్మమ్మ లేచి, వార్డులోకి వెళ్ళి, సర్దిన సంచీలోంచి బట్టలు మళ్ళీ బయటికి తీసింది. రేకుల షెడ్డులో ముగ్గురికి చోటుంటుందేమో మీ నాన్ననడుగు అని అక్కడనుంచే పిల్లకి కేకేసింది. ఉంటుందన్నాడు మేస్త్రీ. పిల్లకి జడ వెయ్యడం రాదని కూడా ఒప్పుకున్నాడు. అది తనకి ఎప్పుడో తెలుసంది ఆవిడ.

ఇంతలో సిస్టరమ్మ వచ్చింది. వరండా మధ్యలో అడ్డంగా ఉన్న బీరువా చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఎవరయ్యా ఇది జరిపింది?"

"నేనేనమ్మా."

"నీకెందుకు ఈ గోడల గొడవ?"

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. ఒళ్ళంతా దుమ్ము. ముఖం కూడా తుడుచుకోలేదు.

"ఈ గోడ నేను కట్టిందేనమ్మా."

"అలాగా," అంది సిస్టరమ్మ. "సరే, కట్టావు. బీరువా తీసుకెళ్ళి దాని చోట్లో పెట్టెయ్యి."

మేస్త్రీ భుజం ఆనించి బీరువాని వెనక్కి నెట్టాడు. అది కీచుమంటూ జరిగి, గోడకి ఆనబోతుండగా వెనకనుంచి అత్తగారి గొంతు వినబడింది. మీ నాన్నతో చెప్పు అని పిల్లతో అనలేదు. అతనితోనే అంది.

"పూర్తిగా ఆనించకు అల్లుడూ. చెయ్యి పట్టేంత సందు ఉంచు."